మలావీ అమ్మాయి కాన్సాస్ సిటీ చేరడానికి ఏడేళ్ళు ఎందుకు పట్టింది?

నమస్తే అండి. ముందుగా మీ ప్రశ్నను మిగతావాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మీరు కాన్సాస్ సిటీలో ఉంటున్నారు. మీ పదకొండేళ్ళ పాపకు కాన్సాస్ సిటీ కరెంట్ అనే మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఆడే, ఆఫ్రికాలోని మలావీ నుంచి వచ్చిన స్ట్రైకర్ (ముందు ఉండి గోల్స్ కొట్టే ఆటగత్తె) తెమ్వా చావింగా అంటే ప్రాణం. తెమ్వా 25 ఏళ్ళకు గానీ అమెరికా రాలేదని, అంతకుముందు స్వీడన్‌లో ఒక చిన్న ఊళ్ళోనూ చైనాలోనూ ఆడిందని పాప చదివింది. "అంత బాగా ఆడే అమ్మాయిని అన్నేళ్ళు ఎవరూ చూడలేదా నాన్నా? ఆ ఏళ్ళన్నీ వేస్టేనా?" అని అడిగితే మీ దగ్గర జవాబు లేకపోయింది.

పాపకు ఇలా చెప్పండి: వేస్టు కాదు. ఆ ఏడేళ్ళు లేకపోతే తెమ్వా ఈ రోజు మీ ఊళ్ళో ఉండేదే కాదు. మలావీ లాంటి దేశం నుంచి ఒక ఆడపిల్ల నేరుగా పెద్ద లీగ్‌లోకి వెళ్ళే దారి ఆ రోజుల్లో లేదు. మొదట పేరు తెలియని ఊరు, తర్వాత జీతం సరిగ్గా ఇచ్చే ఊరు, ఆ తర్వాతే పేరు తెచ్చే ఊరు. ఆఫ్రికా నుంచి వెళ్ళి పైకి వచ్చిన అమ్మాయిల్లో చాలామందిది ఇదే వరస.

నాకెలా తెలుసంటే, మావారి ఉద్యోగం వల్ల తొమ్మిదేళ్ళు మలావీ రాజధాని లిలాంగ్వేలో ఉన్నాను. అక్కడ ఒక స్కూల్లో వ్యాయామం టీచర్‌గా చేస్తూ, శని ఆదివారాలు ఆడపిల్లల జట్టుకు సాయం చేసేదాన్ని. ఇండియాకు వచ్చాక ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఆడే ఒక క్లబ్బులో ఐదు సీజన్లు టీమ్ మేనేజర్‌గా పనిచేశాను. ఘనా, ఉగాండాల నుంచి వచ్చే అమ్మాయిల కాగితాలు, గదులు, బెంగలు అన్నీ నా నెత్తినే ఉండేవి. చావింగా అక్కాచెల్లెళ్ళతో నాకు పరిచయం లేదు. కానీ వాళ్ళు నడిచిన దారిని దగ్గర నుంచి చూశాను.

అసలు కథ తెమ్వాతో కాదు, అక్క టబితాతో మొదలవుతుంది. ఇద్దరిదీ ఉత్తర మలావీలోని రుంఫీ జిల్లా. రాజధాని లిలాంగ్వే నుంచి నాలుగొందల కిలోమీటర్లకు పైనే. మలావీలో ఆడపిల్లల ఆట అంటే బాస్కెట్‌బాల్‌ను పోలిన నెట్‌బాల్. దేశం పేరు నిలబెట్టింది కూడా ఆ జట్టే. కాస్త పొడుగ్గా, చురుగ్గా ఉన్న పిల్ల కనిపిస్తే స్కూల్లో మొదట నెట్‌బాల్‌కే లాక్కుంటారు. నేనూ లాక్కున్నదాన్నే. ఫుట్‌బాల్ కావాలన్న పిల్ల మగపిల్లల గుంపులో దూరి, వాళ్ళతో తోపులాడి నేర్చుకోవాల్సిందే. టబితా అలా నేర్చుకునే లిలాంగ్వేలోని డీడీ సన్‌షైన్ క్లబ్బుకు వచ్చింది. తర్వాత చెల్లెలూ అదే క్లబ్బుకు వచ్చింది.

2014లో టబితా స్వీడన్‌లోని క్రోకోమ్ అనే చిన్న ఊరి క్లబ్బులో చేరింది. యూరప్ క్లబ్బుకు ఆడిన మొదటి మలావీ మహిళ ఆమే. సంవత్సరం గమనించండి. టబితా పుట్టింది 1996లో, వెళ్ళింది 18 నిండే ఏడాదిలో. తెమ్వా పుట్టింది 1998లో, స్వీడన్ వెళ్ళింది 2017లో. ఇది కాకతాళీయం కాదు. 18 నిండకుండా ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బుకు మారడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనలు ఒప్పుకోవు. తల్లిదండ్రులు ఆట కోసం కాక వేరే కారణంతో ఊరు మారడం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, రుంఫీ పిల్లకు అవేవీ వర్తించవు. అంటే స్పెయిన్‌లోనో ఇంగ్లండ్‌లోనో పన్నెండేళ్ళకే అకాడమీలో చేరి పచ్చగడ్డి మీద రోజూ కోచింగ్ తీసుకునే వయసులో, ఈ పిల్లలు ఎర్రమట్టి నేల మీద, అరువు బూట్లతో ఆడుతుంటారు. పద్దెనిమిదో ఏట అందరూ ఒకే ట్రయల్స్‌కి వస్తారు.

ఆ 18 ఏళ్ళని నిరూపించుకోవడం కూడా ఒక యుద్ధమే. నేనున్న రోజుల్లో పల్లెటూరి పిల్లల్లో చాలామందికి జనన ధ్రువపత్రం ఉండేది కాదు. ఆస్పత్రిలో రాసిచ్చే 'హెల్త్ పాస్‌పోర్ట్' అనే చిన్న నోటు పుస్తకం ఉండేది. అందులో ఒక తేదీ, స్కూలు రిజిస్టరులో ఒక తేదీ, చర్చి కార్డులో ఇంకో తేదీ. మా జట్టు అమ్మాయి ఒకామెకు ఈ మూడూ కలిపి ఒక తేదీగా తేల్చి పాస్‌పోర్టు చేయించేసరికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా పిలిచిన క్లబ్బు ఇంకో అమ్మాయిని తీసేసుకుంది. రెండో ఏడాది వేరే క్లబ్బు పిలిచింది కాబట్టి సరిపోయింది. పిలవకపోతే ఆమె ఆట అక్కడితో సరి.

ఆ అమ్మాయి బయల్దేరిన రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆమె వెళ్తున్న దేశంలో క్లబ్బుల సీజన్ వసంతంలో మొదలవుతుంది, ప్రాక్టీసు మాత్రం జనవరి నుంచే. మాకు జనవరి అంటే వానలు, ఉక్క. మా వరండాలో మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని కోటు వేసుకుని నిలబడింది. కౌంజికాలో, అంటే అక్కడి సెకండ్ హ్యాండ్ బట్టల బజారులో, కొన్నదది. మొహం మీద చెమట ధారలు కడుతున్నా విప్పదు. విప్పితే సంచిలో పట్టదు మరి. జేబులో చెయ్యి పెడితే నలిగిపోయిన పాత బస్సు టికెట్ ఒకటి దొరికింది. ఏదో యూరప్ ఊరిది, మాకు చదవడం రాని భాష. అది పారేయకుండా మళ్ళీ జేబులోనే పెట్టుకుంది. సంచిలో బట్టల కంటే బరువు మొక్కజొన్న పిండిది. అక్కడ న్సిమా అంటే మన సంకటి లాంటిది, అది లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు వాళ్ళకు.

ఇప్పుడు స్వీడన్ సంగతి. "అంత చిన్న ఊళ్ళో ఆడితే ఎవరు చూస్తారు?" అన్నారు మీరు. మా అమ్మాయిలకు నేను చెప్పే మాటే మీకూ చెప్తాను: మొదటి కాంట్రాక్టులో చూడాల్సింది జీతం కాదు, ప్రతి వారం ఆడిస్తారా లేదా అన్నది. పెద్ద క్లబ్బులో బెంచీ మీద కూర్చున్న పిల్ల పేరు ఆర్నెల్లలో అందరూ మర్చిపోతారు. చిన్న క్లబ్బులో ముప్పై గోల్స్ కొట్టిన పిల్ల వీడియో పది మంది కోచ్‌ల చేతుల్లో తిరుగుతుంది. టబితా చేసింది అదే. బోర్లాంగే అనే ఊళ్ళోని క్వార్న్స్‌వెడెన్ క్లబ్బుకు మారి, 2015లో ఆ జట్టును పై లీగ్‌లోకి లాక్కెళ్ళింది. 2017లో స్వీడన్ మొదటి లీగ్‌లో 26 గోల్స్‌తో టాప్ స్కోరర్ అయింది. ఆ ఏడాదే చెల్లెలు కూడా అదే క్లబ్బుకు వచ్చింది.

తెమ్వాకు అక్కడ దొరికిన గొప్ప వరం అక్కే. వెళ్ళిన మొదటి మూడు నెలలు ఎంత కష్టమో టీమ్ మేనేజర్‌గా నేను చూశాను. ఆట వల్ల కాదు. కోచ్ అరిచింది అర్థం కాకపోవడం, ప్రాక్టీసు అయ్యాక గదిలో ఒక్కతే కూర్చోవడం, ఇంటి నుంచి ఫోన్ వస్తే "ఎప్పుడు పంపిస్తావు?" అన్న మాటతోనే మొదలవడం. సొంత భాషలో తిట్టే మనిషి ఒక్కరు పక్కన ఉంటే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది. మా క్లబ్బుకు ఘనా నుంచి ఒక్క అమ్మాయినే తెచ్చిన సీజన్‌కీ, ఇద్దరిని తెచ్చిన సీజన్‌కీ తేడా నేను కళ్ళారా చూశాను. అప్పటి నుంచి ఒక్కరిని తెద్దామంటే మా యాజమాన్యంతో పోట్లాడేదాన్ని.

చైనా గురించి మన దగ్గర చాలామందికి చిన్నచూపు. అప్పట్లో యూరప్‌లోని చాలా క్లబ్బుల కంటే చైనా క్లబ్బులు ఆడవాళ్ళకు ఎక్కువ జీతం ఇచ్చేవి. టబితా 2018లో జియాంగ్సు సునింగ్‌కు వెళ్ళింది. తెమ్వా 2020లో వుహాన్ జియాంగ్‌హాన్ యూనివర్సిటీ జట్టులో చేరింది. తర్వాత అక్క కూడా అక్కడికే వచ్చింది. 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగుసార్లు లీగ్ ఆ జట్టుదే. మలావీలో ఇల్లు నిలబడాలన్నా, ఇంట్లో చిన్నవాళ్ళ ఫీజులు కట్టాలన్నా ఇలాంటి జీతాలే ఆధారం. ఆ వయసులో చైనా ఎంచుకున్న ఏ ఆఫ్రికా అమ్మాయినీ నేను తప్పు పట్టను. జాంబియాకు చెందిన బార్బ్రా బాండా, నైజీరియాకు చెందిన అసిసత్ ఒషోలా కూడా చైనాలో ఆడి వచ్చినవాళ్ళే. ఒషోలా అక్కడి నుంచి బార్సిలోనాకు వెళ్ళి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది.

ప్రమాదం లేదని కాదు. జియాంగ్సు పురుషుల జట్టు 2020లో చైనా లీగ్ గెలిచింది. కొద్ది నెలలకే, 2021 ఫిబ్రవరిలో, యజమాని కంపెనీ ఫుట్‌బాల్ మొత్తానికీ చేతులెత్తేసింది. ఛాంపియన్ జట్టు నడిపే కంపెనీయే ఒక్కరోజులో తప్పుకోగలదంటే, అలాంటి చోటుకు వెళ్ళే ఆడపిల్లకు కాంట్రాక్టు ఎంత ముఖ్యమో చూడండి.

ఇక "ఎవరూ చూడలేదా?" అన్న అసలు ముక్క. చూశారు, కానీ నమ్మలేదు. ఫుట్‌బాల్‌లో మీ విలువ మీ కాళ్ళతో పాటు మీ దేశం జెండాను బట్టి కూడా లెక్క కడతారు. మలావీ మహిళల జట్టు ఫిఫా ర్యాంకుల్లో 150 చుట్టుపక్కల తిరిగేది. అప్పటిదాకా ఆఫ్రికా కప్ ఆఖరి పోటీలకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ప్రపంచ కప్, ఒలింపిక్స్ మాట సరేసరి. ఇంగ్లండ్ లాంటి చోట విదేశీ ఆటగాళ్ళకు వర్క్ పర్మిట్ ఇచ్చేటప్పుడు జాతీయ జట్టు ర్యాంకు కూడా పాయింట్లలో లెక్కకొస్తుంది. అంటే తెమ్వా ఎన్ని గోల్స్ కొట్టినా కొన్ని తలుపులు తెరుచుకోవు.

బాండాను చూస్తే తేడా తెలుస్తుంది. జాంబియా 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళింది. అక్కడ నెదర్లాండ్స్ మీద ఒకటి, చైనా మీద ఒకటి, వరస మ్యాచ్‌ల్లో బాండా రెండు హ్యాట్రిక్‌లు కొట్టింది. నెదర్లాండ్స్ చేతిలో జాంబియా 10-3తో ఓడిపోయింది. అయినా ఆ మూడు గోల్స్‌తో ప్రపంచానికి ఆమె పేరు తెలిసింది. తెమ్వాకు అలాంటి వేదిక ఒక్కటీ దొరకలేదు. ఆమె చేతుల్లో ఉన్నవి అంకెలే. 2023లో అన్ని పోటీల్లోనూ కలిపి 63 గోల్స్. ఆ అంకెను చూడనట్టు నటించడం ఇక ఎవరి వల్లా కాలేదు. 2024 మొదట్లో మీ ఊరి జట్టు పిలిచింది.

తర్వాతి కథ మీకే బాగా తెలుసు. మొదటి సీజన్‌లోనే 20 గోల్స్, అమెరికా మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్‌లో రికార్డు. లీగ్‌లోని ప్రతి ప్రత్యర్థి జట్టు మీదా కనీసం ఒక గోల్. ఉత్తమ క్రీడాకారిణి అవార్డు. 2025లో గాయంతో సీజన్ చివర్లో దూరమైనా 15 గోల్స్, మళ్ళీ అదే అవార్డు. వరసగా రెండేళ్ళు దాన్ని గెలిచినవాళ్ళు ఆమెకు ముందు లేరు. అక్క తక్కువ తినలేదు. 2022-23లో ఇంటర్ మిలాన్ తరఫున 23 గోల్స్‌తో ఇటలీ లీగ్‌లో టాప్ స్కోరర్, మరుసటి ఏడాది పారిస్, ఆ తర్వాత లియోన్.

ఇక్కడ మనసులో మాట ఒకటి చెప్పాలి. వీళ్ళ గెలుపు కథలు చదివినప్పుడల్లా నాకు గెలవని పిల్లలు గుర్తొస్తారు. మా క్లబ్బుకు వచ్చిన ఒక మిడ్‌ఫీల్డర్‌కు అంతకుముందు ఆడిన దేశంలో నాలుగు నెలల జీతం ఎగ్గొట్టారు. "వచ్చే వారం" అని వాయిస్ మెసేజ్‌లు మాత్రం వరసగా ఉన్నాయి ఫోన్లో. కాంట్రాక్టు కాపీ ఆమె దగ్గర లేదు. సంతకం పెట్టించుకున్నాక ఏజెంటు తీసేసుకున్నాడట. నిబంధన ఆమె వైపే ఉంది: రెండు నెలల జీతం బాకీ పడితే, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ కట్టకపోతే ఆటగాళ్ళు కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఫిఫా ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి ఆటగాళ్ళకు ఫీజు కూడా లేదు. కాకపోతే రెండేళ్ళలోపు వేయాలి. ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరికి పాత జట్టులోని స్నేహితురాలు తన కాంట్రాక్టుతో పాటు ఈ అమ్మాయిదీ ఫోటో తీసి ఉంచిందని తెలిసి తెప్పించాం. నోటీసు పంపాక వాయిదాల్లో డబ్బు వచ్చింది. మొదటి వాయిదా అందిన రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని అమ్మకు మొబైల్ మనీలో పంపింది. ఎంత పంపిందో అడగలేదు గానీ, ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు బూటు లేసులు కడుతూ విప్పుతూ కూర్చుంది.

ఆనాటి నుంచి మా జట్టులో చేరిన ప్రతి అమ్మాయి చేతా మొదటి రోజే కాంట్రాక్టు ప్రతి పేజీ ఫోటో తీయించి, వాళ్ళ ఇంట్లో ఒకరికి పంపించేదాన్ని. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దని, మాకు కూడా ఇవ్వొద్దని చెప్పేదాన్ని.

ఇంకొక అన్యాయం ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. పురుషుల ఫుట్‌బాల్‌లో ఒక కుర్రాడు మొదటిసారి ప్రొఫెషనల్ అయితే, చిన్నప్పుడు తీర్చిదిద్దిన క్లబ్బుకు శిక్షణ పరిహారం ముడుతుంది. మహిళల ఫుట్‌బాల్‌కు ఆ పరిహారం వర్తించదు. ఆడవాళ్ళ బదిలీలకు అడ్డం కాకూడదన్నది దాని వెనక ఉద్దేశం. అది నాకు అర్థమవుతుంది. కానీ అరువు బూట్లు తెచ్చి, సొంత జేబులోంచి మినీబస్సు చార్జీలు పెట్టిన లిలాంగ్వే కోచ్‌కు ఏం మిగిలినట్టు? బదిలీ రుసుము చెల్లించి కొన్నప్పుడు అందులో 5 శాతం పాత క్లబ్బులకు పంచే పద్ధతి ఉంది. కాంట్రాక్టు ముగిసి ఉచితంగా మారితే అదీ రాదు. 2024లో జాంబియా అమ్మాయి రేచల్ కుందనంజీని స్పెయిన్ క్లబ్బు మాడ్రిడ్ సీఎఫ్‌ఎఫ్ నుంచి అమెరికా క్లబ్బు బే ఎఫ్‌సీ 7 లక్షల యూరోలకు పైగా చెల్లించి కొంది. మహిళల ఫుట్‌బాల్‌లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. ఆమె కూడా కజకిస్తాన్ మీదుగా స్పెయిన్ చేరిన మనిషే. అప్పట్లో అలాంటి బదిలీలు చాలా అరుదు.

మీ పాపకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం గానీ, ఇంకో సంగతి కూడా ఉంది. టబితా చిన్నప్పుడు, బాగా ఆడుతోంది కాబట్టి ఆడపిల్ల అయి ఉండదని అవతలి జట్టువాళ్ళు గ్రౌండ్‌లోనే బట్టలు విప్పించారు. ఈ మాట ఆమే బయటపెట్టింది. బాండా 2022 ఆఫ్రికా కప్‌కు దూరం కావాల్సి వచ్చింది కూడా టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) పరీక్షల గొడవతోనే. వేగంగా పరిగెత్తే ఆఫ్రికా అమ్మాయికి ఈ అనుమానం నీడలా వెంట వస్తుంది. మా ఇండియా గ్రౌండ్లలో కూడా గ్యాలరీ నుంచి అలాంటి కూతలు విన్నాను. అర్థం కాలేదన్నట్టు మా అమ్మాయిలు నవ్వేవాళ్ళు. వాళ్ళకు అర్థమైందని నాకు తెలుసు.

విదేశంలో ఆడుతూ జాతీయ జట్టుకు రావడం కూడా తేలిక కాదు. మీ ఊరి నుంచి లిలాంగ్వేకి రెండు మూడు విమానాలు, రెండు రోజులు. పైగా వీసా భయం ఒకటి. 2025లో చైనాలో జరిగిన పోటీలకు జాంబియా అమెరికాలో ఆడే తన ఆటగాళ్ళు నలుగురిని, బాండా, కుందనంజీలతో సహా, పిలవలేదు. అమెరికా ప్రయాణ ఆంక్షల వల్ల తిరిగి వెళ్ళడం కష్టమవుతుందేమోనని. ఇన్నిటి మధ్యే మలావీ 2023లో జాంబియాను ఓడించి దక్షిణ ఆఫ్రికా ప్రాంత దేశాల కప్ గెలిచింది. 2025 అక్టోబరులో అంగోలాను ఓడించి మొట్టమొదటిసారి ఆఫ్రికా కప్‌కు అర్హత సాధించింది. ఆ రాత్రి నేను హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని ఏడ్చాను. లిలాంగ్వే నుంచి నా పాత విద్యార్థిని పంపిన వీడియోలో అరుపులు తప్ప ఏమీ వినపడలేదు.

పాపకు ఆట నేర్చుకోవాలని ఉంటే ఈసారి మ్యాచ్‌లో బంతిని కాకుండా తెమ్వాను మాత్రమే పది నిమిషాలు చూడమనండి. పాస్ ఇవ్వబోయే ముందు ఆమె డిఫెండర్ వీపు వెనక్కి, కంటికి ఆనని చోటికి జరుగుతుంది. డిఫెండర్ తల బంతి వైపు తిరిగిన క్షణంలో పరుగు మొదలవుతుంది. అందుకే అంత తేలిగ్గా దాటినట్టు కనిపిస్తుంది.

పాప మ్యాచ్‌కు మలావీ జెండా పట్టుకుని వెళ్తానందట కదా, మంచి మాట. ఆన్‌లైన్లో కొనేటప్పుడు జాగ్రత్త. నలుపు, ఎరుపు, ఆకుపచ్చ చారల్లో పైనున్న నల్ల చార మీద ఎర్రటి సగం సూర్యుడు ఉన్నదే అసలు జెండా. మధ్యలో తెల్లటి నిండు సూర్యుడు ఉన్నది 2010 నుంచి 2012 దాకా రెండేళ్ళే నడిచింది. నేనక్కడ ఉండగానే మార్చారు, మళ్ళీ వెనక్కి తెచ్చారు. అట్ట మీద ఏదైనా రాయాలంటే 'యేవో, తెమ్వా' అని రాయమనండి. రుంఫీ వాళ్ళు మాట్లాడే టుంబుకా భాషలో యేవో అంటే థాంక్స్.